కంటిచూపా, పెళ్ళిచూపులా?

"అమ్మాయికి సైటుందా?" సంబంధాలు మాట్లాడుకునే చోట రంగు, ఎత్తు, కట్నం అయ్యాక వచ్చే ప్రశ్న ఇది. "అబ్బాయికి సైటుందా?" అని ఆడపిల్ల తరఫువాళ్ళు అడగడం నేను విన్నది చాలా తక్కువ. ఒకవేళ అడిగినా, "రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కదండీ" అని అవతలివాళ్ళు గర్వంగానే జవాబు చెప్తారు. మగవాడి ముక్కు మీద కళ్ళద్దాలు చదువుకి గుర్తు. ఆడపిల్ల ముక్కు మీదికొచ్చేసరికి అవే కళ్ళద్దాలు లోపానికి గుర్తు. మైనస్ రెండు ఇద్దరికీ మైనస్ రెండే. కట్నం లెక్కలో మాత్రం ఆమెకే తీసివేత.

ఈ అన్యాయాన్ని ఎదిరించడానికి బదులు మన మధ్యతరగతి ఇళ్ళు ఒక ఉపాయం కనిపెట్టాయి. అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరంలోకి వచ్చేసరికి కళ్ళద్దాలు పెట్టెలోకి, కాంటాక్ట్ లెన్సులు కంట్లోకి వెళ్ళిపోతాయి. ఫొటోలు లెన్సులతో, పెళ్ళిచూపులు లెన్సులతో, తాళి కట్టించుకోవడం లెన్సులతో. "పెళ్ళయ్యాక మెల్లిగా చెప్పొచ్చులే" అని తల్లి ధైర్యం చెప్తుంది. ఆ "మెల్లిగా" ఎప్పటికీ రాదు.

నేను లెన్సులకి వ్యతిరేకిని కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే స్త్రీవాదులు కాటుకకీ పూలకీ కూడా శత్రువులని ముద్ర వెయ్యడానికి కాచుకుని ఉండేవాళ్ళకి కొదవ లేదు. 1961లో ఒట్టో విఖ్‌తెర్లే అనే చెక్ రసాయన శాస్త్రజ్ఞుడు పిల్లలాడుకునే ఇనప ముక్కల సెట్టుతో ఇంట్లోనే యంత్రం తయారుచేసి మెత్తటి లెన్సులు పోత పోశాడు. భార్య లిండా కూడా ఆ పనిలో చెయ్యి వేసింది (ఆమె పేరు ఎంతమందికి తెలుసు? అది వేరే వ్యాసం). అప్పటినుంచీ ఆ చిన్న ముక్క ఎంతోమందికి మేలు చేసింది. కెరటోకోనస్ అనే జబ్బులో నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొర పల్చబడి శంకువులా ముందుకి పొడుచుకొస్తుంది. ముదిరాక కళ్ళద్దాలు ఎంత మార్చినా చూపు తేరుకోదు, గట్టి రకం లెన్సు పెట్టుకుంటేనే తేరుకుంటుంది. రెండు కళ్ళకీ పవర్ బాగా తేడా ఉన్నవాళ్ళకీ, పరుగుపందేల్లో, కబడ్డీలో ఉన్న అమ్మాయిలకీ లెన్సులు నిజమైన సౌకర్యం. అన్నీ తెలుసుకుని, తన డబ్బుతో, తన ఇష్టంతో పెట్టుకునే ఆడమనిషితో నాకు ఏ పేచీ లేదు.

నా పేచీ మన సమావేశాల్లోనే వినిపిస్తున్న ఒక వాదనతో. "ఎవరిష్టం వాళ్ళది, కళ్ళద్దాలో లెన్సులో స్త్రీ ఎంచుకుంటుంది, దాంట్లోకి రాజకీయం ఎందుకు తేవడం?" అంటున్నారు కొందరు మిత్రులు. ఎంచుకోవడం అంటే ఏమిటి? ఏది ఎంచుకున్నా శిక్ష పడనప్పుడే దాన్ని ఎంపిక అనాలి. కళ్ళద్దాలు పెట్టుకుంటే సంబంధం తప్పిపోతుంది, లెన్సులు పెట్టుకుంటే కుదురుతుంది అని తెలిసి చేసేది ఎంపిక కాదు, లొంగుబాటు. ఆ లొంగుబాటుకి అమ్మాయిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ లొంగుబాటుకి స్వేచ్ఛ అని పేరు పెట్టడాన్నే తప్పుపడుతున్నాను.

ఇందులో ప్రాణం మీదికొచ్చే సంగతి ఒకటుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. కంటి ముందు పొరకి, అంటే కార్నియాకి, రక్తనాళాలు ఉండవు. ఉంటే వెలుతురుకి అడ్డం. అందుకని దానికి కావలసిన ప్రాణవాయువు ఎక్కువగా గాలి నుంచి, కన్నీటి తడి ద్వారా అందుతుంది. లెన్సు ఆ దారిలో కూర్చుంటుంది. రెప్పలు తెరిచి ఉన్నంతసేపూ కన్ను ఎలాగో నెట్టుకొస్తుంది. నిద్రపోతే రెప్ప కూడా మూసుకుంటుంది. గాలి అందక బలహీనపడిన పొర మీద సూక్ష్మక్రిములు చేరితే పుండు పడుతుంది. లెన్సులతో నిద్రపోతే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ప్రమాదం 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ హెచ్చరిస్తోంది. ఇక నీళ్ళు. కుళాయి నీళ్ళలో, బోరు నీళ్ళలో, బావి నీళ్ళలో అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉండొచ్చు. ఆ నీళ్ళు తాగితే మనకేం కాదు. ఆ నీళ్ళతో కడిగిన లెన్సు కంట్లో పెట్టుకుంటే అది కార్నియాలోకి చొరబడొచ్చు. అరుదే, కానీ పట్టుకుంటే నెలల తరబడి వదలదు.

అంటే లెన్సు క్షేమంగా ఉండాలంటే ఏం కావాలి? సబ్బుతో చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకునే తీరిక, రోజూ మార్చాల్సిన ద్రావణం, మూడు నెలలకోసారి కొత్త డబ్బీ, రాత్రి పడుకోబోయే ముందు లెన్సులు తీసే ఏకాంతం, ఆ తర్వాత పెట్టుకోవడానికి ఒక జత కళ్ళద్దాలు. లెన్సు వాడేవాళ్ళకి కూడా కళ్ళద్దాలు తప్పవన్నమాట. ఈ సంగతి ఏ ప్రకటనా చెప్పదు. ఇప్పుడు చెప్పండి, అత్తగారింట్లో సైటు దాచిపెట్టిన కొత్త కోడలికి వీటిలో ఏది ఉంటుంది?

మా కౌన్సెలింగ్ కేంద్రానికి రెండేళ్ళ కిందట పల్నాడు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. డిగ్రీ చదివింది. రెండు కళ్ళకీ మైనస్ నాలుగు పైనే. పెళ్ళికి ముందు ఆరు నెలలు లెన్సులు బాగానే వాడింది, పుట్టింట్లో దాపరికం లేదు కాబట్టి. అత్తగారింట్లో ఉన్నది ఒక్కటే స్నానాలగది, పెరట్లో. డబ్బీని బీరువాలో చీరల అడుగున దాచేది. భర్త నిద్రపోయేదాకా ఆగి, చీకట్లో తడుముకుంటూ లెన్సులు తీసి, ఆయన లేవకముందే మళ్ళీ పెట్టుకునేది. అతను నిద్రపోయేలోపు తనకే నిద్రపట్టేసిన రాత్రులు చాలా ఉన్నాయి. ద్రావణం సీసా అయిపోయింది. కొని తెమ్మని ఎవర్ని అడుగుతుంది? ఒంటరిగా బజారుకి పంపరు. వారం రోజులు బోరు నీళ్ళతో కడిగింది. కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేకపోయింది. కళ్ళకలక అన్నారు. అత్తగారు నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టింది. ఆవిడ దురుద్దేశంతో చేసింది కాదు, ఆవిడకి తెలిసింది అదే. మందుల షాపువాడు చుక్కల మందు ఇచ్చాడు. అది స్టెరాయిడ్ చుక్కలు. అలాంటి పుండుకి స్టెరాయిడ్ వెయ్యడం అంటే దొంగకి తలుపు తీసిపెట్టడమే. లెన్సు సంగతి చెప్తే గుట్టు బయటపడుతుందని ఆమె నోరు విప్పలేదు. విప్పేసరికి పన్నెండు రోజులైంది. ఎడమ కన్ను మీద తెల్లటి మచ్చ మిగిలింది. ఆ కంటికి ఇప్పుడు వెలుతురూ చీకటీ తేడా తెలుస్తుంది, మనుషులు తెలియరు.

ఆమె ఆస్పత్రిలో ఉండగానే అత్తవారు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. సైటు దాచి మోసం చేశారు, ఇంకో ఐదు లక్షలిస్తే ఉంచుకుంటాం, లేకపోతే పెళ్ళి రద్దు చేయించుకుంటాం అన్నారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 12(1)(సి) పేరు కూడా ఎవరో నేర్పి పంపారు. ఈ బెదిరింపు ఇప్పుడు చాలాచోట్ల వినిపిస్తోంది కాబట్టి మన చెల్లెళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆ సెక్షను అవతలి మనిషికి సంబంధించిన ముఖ్యమైన విషయంలో మోసంతో సమ్మతి పొందితే పెళ్ళి రద్దు కోరవచ్చు అంటుంది. కానీ మోసం బయటపడిన ఏడాది లోపల కోర్టుకి వెళ్ళాలి. బయటపడ్డాక ఇష్టపూర్వకంగా కలిసి కాపురం చేసి ఉండకూడదు. ఏది ముఖ్యమైన విషయమో పెద్దమనుషులు కాదు, కోర్టు తేలుస్తుంది. కళ్ళద్దాలతో సరిపోయే హ్రస్వదృష్టి కాపురానికి పనికిరాని లోపమా? అలా అయితే ఈ దేశంలో పెళ్ళికి పనికొచ్చే ఇంజనీర్లు ఎంతమంది మిగులుతారు? ఇక ఐదు లక్షలు అడగడం ఉంది చూశారా, అది మాత్రం ఏ అనుమానమూ లేని నేరం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం నాలుగో సెక్షను కింద అడగడమే నేరం, ఇవ్వనక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి 498ఏ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు వచ్చాయి. "గుడ్డిదాన్ని అంటగట్టారు" అని రోజూ అనడం 2005 గృహహింస చట్టం మూడో సెక్షను చెప్పే అవమానం, ఎగతాళి కిందికి వస్తుంది. మోసం అంటున్నారు, సరే. కళ్ళద్దాలు పెట్టుకున్న పిల్లని వద్దని ముందుగా చెప్పింది ఎవరు? నిజం చెప్తే తలుపు మూసేవాళ్ళకి, అబద్ధం చెప్పారని కోప్పడే హక్కు ఎక్కడిది?

2021 జూన్‌లో ఉత్తరప్రదేశ్ ఔరయా జిల్లాలో ఒక పెళ్ళికూతురు పెళ్ళికొడుకు చేతికి హిందీ పత్రిక ఇచ్చి, కళ్ళద్దాలు తీసి చదవమంది. అతను చదవలేకపోయాడు. ఆమె పెళ్ళి మానేసింది. దేశమంతా నవ్వుకుంది. ఆ కుర్రాడి సైటు మీద నాకు నవ్వు రాలేదు, జాలే కలిగింది. నన్ను ఆలోచనలో పడేసింది ఆ నవ్వే. మన ఊళ్ళలో ఎంతమంది అమ్మాయిలకి ఇలాంటి పరీక్షలు పెట్టి, సంబంధం వద్దని వెళ్ళిపోలేదు? గోడ మీద కేలెండర్లో తారీఖు చదవమన్నవాళ్ళున్నారు, గుమ్మం దగ్గర నిలబెట్టి వీధిలో బోర్డు చదవమన్నవాళ్ళున్నారు. అవేవీ ఏ పత్రికలోనూ రాలేదు. మగపిల్లాడికి ఒక్కసారి జరిగితే వార్త అయింది.

ఇదంతా మన వెనకబాటుతనం, దేశం అభివృద్ధి అయితే పోతుంది అనేవాళ్ళ కోసం జపాన్ సంగతి చెప్తాను. అక్కడ 2019 నవంబరులో కొన్ని సంస్థలు ఆడ ఉద్యోగినులు కళ్ళద్దాలు పెట్టుకోకూడదని ఆంక్షలు పెడుతున్నట్టు బయటపడింది. దుకాణాల్లో, రిసెప్షన్లలో కళ్ళద్దాలతో ఉంటే "చల్లగా, ముభావంగా" కనపడతారట. అదే దుకాణంలో మగ ఉద్యోగికి ఆ ఇబ్బంది లేదు. ఎత్తుమడమల చెప్పులు తప్పనిసరి చెయ్యడం మీద అదే ఏడాది పోరాటం లేవదీసిన యుమి ఇషికావా లాంటివాళ్ళు దీన్నీ ఎండగట్టారు. దక్షిణ కొరియాలో 2018 ఏప్రిల్లో లిమ్ హ్యోన్‌జు అనే న్యూస్ రీడర్ ఎంబీసీ ఛానల్లో పొద్దుటి వార్తలు కళ్ళద్దాలతో చదివింది. అంతే చేసింది. అదే పెద్ద సంచలనమైంది. అప్పటిదాకా రోజూ తెల్లవారకముందే లేచి లెన్సులు పెట్టుకుని, ఎండిపోయే కళ్ళలో కృత్రిమ కన్నీళ్ళు వేసుకుంటూ వచ్చింది. మన తెలుగు ఛానళ్ళు గంటకో చర్చ పెడతాయి. అందులో కళ్ళద్దాల మగవాళ్ళని లెక్కపెట్టడం మొదలుపెడితే మీకు విసుగొస్తుంది. వార్తలు చదివే ఆడవాళ్ళలో కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళని లెక్కపెట్టి చూడండి, ఒక చేతి వేళ్ళు చాలు.

1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు స్త్రీల సంఘాలు వీధిలోకి వచ్చాయి. 2025 మేలో అవే పోటీలు మన హైదరాబాదులో, ప్రభుత్వ ఆతిథ్యంతో జరిగాయి. ఆ వరసలో ఒక్క జత కళ్ళద్దాలు కనపడ్డాయా? కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నానని అనుకుంటే అనుకోండి. ఆడదాని కన్ను ఎదుటివాళ్ళు చూడ్డానికే గాని ఆమె చూసుకోడానికి కాదనే పాఠం ఇలాంటి చోట్లే చెప్తారు. కలువ కళ్ళు, మీన నేత్రాలు, లేడి కళ్ళు అని మన కవులు వెయ్యేళ్ళుగా వర్ణిస్తూనే ఉన్నారు. ఆ కళ్ళకి దూరం ఆనుతుందా అని అడిగిన కవి నాకింకా తగల్లేదు.

ఇంతవరకు చెప్పింది లెన్సులు కొనగలిగిన ఇళ్ళ గొడవ. దీనికి వంద రెట్లు పెద్ద గొడవ ఇంకోటుంది. అసలు కళ్ళద్దాలే లేనివాళ్ళది.

నలభై దాటాక కంటిలోని సహజమైన కటకం బిరుసెక్కుతుంది, దగ్గరవి మసకబారతాయి. మనవాళ్ళు చత్వారం అంటారు. అది జబ్బు కాదు, జుట్టు నెరవడం లాంటిది, ఎవరికైనా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం కళ్ళద్దాలు దొరక్క దగ్గరి చూపు ఆననివాళ్ళు 82 కోట్లకి పైనే ఉన్నారు. మన నిజామాబాదు, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళని అడగండి. నలభై ఐదు వచ్చేసరికి ఆకు కత్తిరింపు వంకరపోతుంది, బీడీలు ఏరివేతలో పోతాయి, కూలీ తగ్గుతుంది. చూపు తగ్గిందని ఎవరూ అనరు, పనితనం తగ్గిందంటారు. అస్సాం టీ తోటల్లో 751 మంది నలభై దాటిన కూలీలతో ఒక పరిశోధన చేశారు. వాళ్ళలో అత్యధికులు స్త్రీలే. సగం మందికి మామూలు చత్వారం కళ్ళద్దాలు ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు కోసిన ఆకు, ఇవ్వనివాళ్ళకన్నా దాదాపు 22 శాతం పెరిగింది. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. ఏ శిక్షణా లేదు, ఏ యంత్రమూ లేదు, ఒక జత అద్దాలు. కూలి ఆకుకి లెక్కగట్టే చోట ఐదో వంతు పెరగడం అంటే పిల్ల ఫీజు.

ఇక వంటింట్లో చత్వారానికి కూలీ కూడా లేదు, దెబ్బలే. "అన్నంలో రాయి వచ్చింది" అని కంచం విసిరికొట్టిన మొగుళ్ళ గురించి మా కేంద్రంలో ఎన్నిసార్లు విన్నామో. బియ్యంలో రాయి కనపడనిది ఆమె నిర్లక్ష్యం వల్ల కాదు, వయసు వల్ల అని ఒక్కరికీ తోచదు. ఆయనకి పేపరు చదవడానికి కళ్ళద్దాలుంటాయి. ఆమె చేసేది చదువు పని కాదు కాబట్టి కళ్ళద్దాలెందుకు? సూదిలోకి దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లని పిలుచుకుంటుంది. పెట్టుకుంటే "దొరసానివయ్యావా" అంటారు.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది, 2023 జనవరిలో రెండో విడత జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో అదే పేరుతో బడిపిల్లలతో మొదలుపెట్టారు. మంచి పనులు, మెచ్చుకోవాలి. ఊరూరా పరీక్షలు చేసి కళ్ళద్దాలు ఉచితంగా ఇచ్చారు. ఇచ్చినవి ముక్కు మీద ఉన్నాయా, ట్రంకుపెట్టెలో ఉన్నాయా అని కూడా చూడాలి కదా. మేం తిరిగిన ఊళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లాడు అద్దాలు పెట్టుకుని క్రికెట్ ఆడుతున్నాడు. అదే తరగతి పిల్లవి మాత్రం తల్లి దాచిపెట్టింది. "ఇప్పట్నించీ పెట్టుకుంటే అలవాటైపోతుందమ్మా, రేపు పెళ్ళి ఎట్లా?" ఆ పిల్ల బోర్డు కనపడక పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకుంటోంది. టీచరు మొద్దు అంటోంది. రెండేళ్ళు ఇలా గడిస్తే చదువు అబ్బలేదని మానిపిస్తారు, పెళ్ళి చేస్తారు. కళ్ళద్దాలు పెట్టుకుంటే సైటు పెరుగుతుందనేది అబద్ధం. పెట్టుకోకపోతే తగ్గుతుందనేదీ అబద్ధమే. వయసొచ్చిన పిల్లని ఇంట్లో కూర్చోబెట్టడం మాత్రం కంటికి మంచిది కాదు. పిల్లలు ఆరుబయట, పగటి వెలుతురులో ఎక్కువసేపు గడిపితే హ్రస్వదృష్టి మొదలయ్యే ప్రమాదం తగ్గుతుందని పరిశోధనలు చెప్తున్నాయి. ఆడపిల్లని గడప దాటనివ్వరు, దాటనివ్వని కళ్ళకి సైటొస్తే ఆమె లోపం అంటారు.

ఒక చిన్న మాట. పొయ్యి సెగకి లెన్సులు కరిగి కంట్లో అతుక్కుంటాయని కొన్నిచోట్ల భయపెడుతున్నారు. అది నిజం కాదు. మిరపకాయలు తొడిమలు తీసిన చేతులతో లెన్సు ముట్టుకుంటే మంట పెడుతుందనేది మాత్రం నిజం. గుంటూరు మిర్చి పనుల్లో ఉన్నవాళ్ళకి అద్దాలే నయం, ఘాటు నేరుగా కంట్లో పడకుండా కొంత అడ్డం ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కళ్ళద్దాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. దగ్గరి చూపు అద్దాల మీద ఆ ఐదు శాతం మాత్రం ఎందుకు? బీడీ కార్మికులకీ, ఉపాధి హామీ పనికి వచ్చే స్త్రీలకీ నలభై నిండగానే ఒక జత అద్దాలు పని చేయించేవాళ్ళే ఇవ్వాలని మనం ఎందుకు అడగడం లేదు? చేతికి పార ఇవ్వడం ఎంత అవసరమో కంటికి అద్దం ఇవ్వడం అంతే. వార్తలు చదివే ఉద్యోగాల్లో, విమానాల్లో, రిసెప్షన్లలో "కళ్ళద్దాలు లేనివారు" అనే రాతపూర్వక షరతైనా, నోటిమాట షరతైనా ఎక్కడ కనపడ్డా మన పత్రికకి రాయండి, పేర్లు గోప్యంగా ఉంచుతాం.

మా కేంద్రానికి వచ్చేవాళ్ళ వివరాలు రాసుకునే ఫారంలో ఈ ఉగాది నుంచి రెండు గడులు కొత్తగా చేర్చాం. "సైటుగానీ చత్వారంగానీ ఉందా? అద్దాలు పెట్టుకోనిస్తున్నారా?" మొదట్లో మా కార్యకర్తలే నవ్వారు. ఇప్పుడు ఫారం నింపుతూ ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వచ్చినావిడ కాసేపు ఆగి, కొంగు ముడి విప్పి, ఒక కాడ విరిగిపోతే దారం కట్టుకున్న అద్దాలు తీసి బల్ల మీద పెట్టడం మామూలైపోయింది. అవి పెట్టుకునే ఫిర్యాదు కాయితం తనే చదువుకుని సంతకం పెడుతోంది.